దర్శి దాటాక నేను కొట్టిన హారన్

గుంటూరు బస్టాండులో పొదిలి ఎక్స్‌ప్రెస్ పొద్దున ఆరూ పదికి. చిలకలూరిపేట, అద్దంకి, దర్శి మీదుగా పోతుంది. నేను అయిదున్నరకే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. ఇంట్లో కారుంది. నాకు నడపడం వచ్చు. మా ఆయన ముందురోజే పెట్రోలు కూడా కొట్టించి పెట్టారు. "ఆ బస్సుల్లో పడి ఏం పోతావు నిర్మలా, కారు తీసుకెళ్లు," అన్నారు. "ఆ దారిలో నేను స్టీరింగ్ పట్టుకోను," అన్నాను. ఆయన తాళాలు తీసి లోపల పెట్టేశారు. సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కరే.

నేనొక హైస్కూల్లో తెలుగు టీచర్ని. క్లాసులో నా అంత ఓపిక ఇంకెవరికీ లేదని స్టాఫ్ రూములో పేరు. స్టీరింగ్ ముందు కూర్చుంటే మాత్రం నాకు పూనకమే. ముందు ఎవడైనా నిదానంగా పోతే చాలు, ఒళ్లు మండిపోయేది. అద్దాలు బిగించుకుని లోపల తిట్లు, బయటికి హారన్. మా ఆయన పక్కన కూర్చుని, "హారన్ వాళ్లకి, తిట్లు నాకు. ఎవరి వాటా వాళ్లకి పంచుతున్నావు," అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. అదేదో చలాకీతనం అనుకున్నాను, నా బుద్ధి మండ!

పోయిన ఫిబ్రవరిలో పొదిలిలో ఒక స్కూలువాళ్లు పిలిచారు. పదో తరగతి పిల్లలకు పరీక్షల భయం పోయేలా నాలుగు మాటలు చెప్పాలి. తొమ్మిదింటికి మీటింగు. ఒక్కదాన్నే కారులో అయిదింటికే బయల్దేరాను. అద్దంకి దగ్గర రోడ్డు పని జరుగుతుంటే ఇరవై నిమిషాలు ఆపేశారు. అక్కడ మొదలైంది నా తొందర. దర్శి దాటేసరికి ఏడున్నర అయింది, పలచగా మంచు. నా ముందు మిరపకోతకు పోయే ఆడకూలీల ఆటో. చలికి వెనక పరదా దించేసుకున్నారు. ఎదురుగా ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి, దాటడానికి లేదు. ఎడమ పక్క మార్జిన్ మీద పొడుగునా పట్టాలు పరిచి మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అంటే ఆ ఆటో పక్కకి తీయడానికి చోటు లేదు. అది నాకు కనపడుతూనే ఉంది. కనపడుతూనే హారన్ మీద చెయ్యి పెట్టాను. తీయలేదు. ఎంతసేపో చెప్పలేను గానీ, నా చెవులకే నొప్పి పుట్టేంత సేపు.

కాసేపటికి పట్టాల మధ్య కొంచెం ఖాళీ వచ్చింది. అతను ఆటోని అటు తిప్పాడు. ఖాళీ చాలలేదు. ముందు చక్రం మిరపకాయల దాకా పోయింది. మా వైపు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే తొక్కించుకుంటూ పోతాం, కందికట్టె పరిస్తే మన బండి చేతే నూర్పించుకుంటారు. ఆరిన మిరపకాయ మీద చక్రం పెట్టే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు. కాయ చితికితే గింజ రాలిపోతుంది, పంట ధరే పడిపోతుంది. ఆ ఆటో అతను కాయల్ని తప్పించడానికి హ్యాండిల్ ఇంకా ఎడమకి కోసేశాడు. నేను సర్రున ముందుకు పోయాను. అద్దంలో చూస్తే ఆటో సైడు కాలవలో పక్కకి ఒరిగి ఉంది. ఎర్రటి పట్టా ఎక్కడిదక్కడే ఉంది.

నేను ఆపలేదు. ఇక్కడ ఇంకో మాట చేర్చి నన్ను నేను కాపాడుకోవాలని ఉంది గానీ, చేర్చడానికి మాట లేదు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో చిన్న వార్త. కూలీల ఆటో బోల్తా, ఆరుగురికి గాయాలు, డ్రైవరు నిద్రమత్తే కారణమని స్థానికులు చెబుతున్నారు. డ్రైవరు పేరు ఏసోబు. ఊరి పేరు కూడా వేశారు, నేనిక్కడ రాయను. "ప్రాణాలేం పోలేదు కదా," అనుకుని పేపరు మడిచేశాను. ఏడాది పాటు అలా అనుకుంటూనే ఉన్నాను. ఈ జనవరిలో పొదిలి స్కూలు టీచరమ్మ ఒకావిడ ఏదో పని మీద ఫోన్ చేస్తే, మాటల్లో మాటగా ఆ ఆటో సంగతి అడిగాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే అడిగాను, ఆవిడ కనిపెట్టలేదు. "ఏసోబా మేడం? పాపం, అతని బండి ఎవరూ ఎక్కట్లేదు. తాగి తోలాడని ఊరంతా తీర్మానం చేసేశారు," అంది. ఆ రాత్రే తేల్చుకున్నాను. నేను వెళ్లి నిజం చెబితేనే అతని పేరు బాగుపడుతుంది. చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

బస్సు ఆరూ పదిహేనుకి కదిలింది. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ సున్నా. కండక్టరు కాగితం చింపి ఇస్తూ, "పొదిలేనా అమ్మా?" అన్నాడు. "దర్శి దాటాక దిగాలి," అన్నాను. డ్రైవరు వెనక మొదటి సీటు దొరికింది. ఈ దారిలో వెళ్లేవాళ్లకు ఆ సీటే మంచిదని చెబుతాను. రోడ్డూ కనపడుతుంది, రోడ్డు మీద మనుషులు ఎలా ప్రవర్తిస్తారో కూడా కనపడుతుంది.

చిలకలూరిపేట ఇంకో పావుగంటలో వస్తుందనగా ఒక కారు మా బస్సు ముక్కు ముందుకి అడ్డంగా దూరింది. నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది. "చచ్చినోడా!" అని నోట్లోంచి వచ్చేసింది కూడా. డ్రైవరు యాభై ఏళ్ల మనిషి, మెళ్లో ఎర్ర తువ్వాలు. హారన్ కొట్టలేదు.

"మీకు కోపం రాదా అన్నా?" అని అడిగాను.

"రాకేం మేడం, వచ్చుద్ది. వచ్చినప్పుడు యాక్సిలేటర్ మీద కాలు తీసేస్తా. బండి నిదానం అయిద్ది, దాంతోపాటు నేనూ అవుతా," అన్నాడు. గేరు మారుస్తూ, "కొత్తలో నేనూ కొట్టేవాణ్ణి హారను. సాయంత్రానికి నాకే తలనొప్పి," అని నవ్వాడు.

ఇలాంటివి నేనూ ఈ ఏడాదిలో కొన్ని నేర్చుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకోండి. గుంటూరు ఊళ్లో కారు తీసినప్పుడు ఇప్పుడు ఫోను వెనక సీట్లో పడేస్తాను. పావుగంట ముందు బయల్దేరతాను. ఒళ్లు వేడెక్కుతున్నట్టు తెలిస్తే స్టీరింగ్ మీద పట్టు వదులు చేసి, కిటికీ దించి, ముందు బండిలో ఎవరున్నారో చూస్తాను. ముసలాయన, పసిపిల్ల, సంచీలు పట్టుకున్న ఆవిడ, ఎవరో ఒకరు కనపడతారు. మనిషి కనపడితే తిట్టు నోట్లోనే ఆగిపోతుంది. ఆ రోజు ఆ పరదా లేకపోతే నేను ఆగేదాన్నా? ఆగేదాన్నని చెప్పుకోవడానికి సాక్ష్యం లేదు.

ఏడూ ఇరవైకి చిలకలూరిపేట. ఒక పెద్దావిడ చేటంత సంచీతో నా పక్కన కూలబడింది. అద్దంకిలో కూతురింటికి పోతోందట. సంచీలో గోంగూర, చింతకాయ తొక్కు, మనవడికి అరిసెలు. రెండు నిమిషాల్లో నా వంశవృక్షం అంతా అడిగేసింది.

"ఎవరింటికమ్మా పోతున్నావు?"

"తెలిసినవాళ్లే."

"తెలిసినవాళ్లింటికి ఉత్తచేతులతోనా? చదువుకున్న దానివి, అదేం పద్ధతే తల్లీ!"

కాలవలో పడేసిన మనిషింటికి ఏం పట్టుకెళ్తారో మన పద్ధతుల్లో ఎక్కడా లేదు. ఎనిమిదిన్నరకి అద్దంకిలో పది నిమిషాలు ఆగితే దిగి డజను బత్తాయిలు కొన్నాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ మీద ఎర్రకారం, నెయ్యి వేసి ఇస్తారు, వేడిగా బాగుంటాయి. నేను రెండు తీసుకుని ఒకటి వదిలేశాను.

అద్దంకి దాటాక భూమి రంగు మారుతుంది. పత్తి తీసేసిన చేలల్లో మోళ్లు, వాటి మధ్య అక్కడక్కడ తెల్లటి పింజ. పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర కట్టెల గుట్టలు. తొమ్మిదీ ముప్పావుకి దర్శి. అక్కణ్ణుంచి బోరు కింద వేసిన మిరపచేలు, రోడ్డు పక్కన కళ్లాలు. సీజన్‌లో ఈ ఊళ్ల వాళ్లకి రోడ్డు మార్జిన్ కూడా కళ్లమే. కారులో వచ్చేవాళ్లకి ఒక్క మాట చెబుతాను: జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ దారిలో గంట ముందు బయల్దేరండి, కూలీల ఆటో వెనక పడితే దాని వెనకే పోండి. బస్సు ఒకచోట కాస్త నెమ్మదించింది. ఆ చోటే అనుకుంటాను. కాలవ చూద్దామని మెడ తిప్పి, చూడలేక మళ్లీ ముందుకే చూశాను.

పదీ పదికి స్టేజీలో దిగాను. ఊరు కిలోమీటరు లోపలికి, నడక. మొదటి పంపు దగ్గర నీళ్లు పడుతున్న ఆవిడని అడిగాను.

"ఏ ఏసోబు? తాగుబోతు ఏసోబా?" అంది మామూలుగా, ఇంటిపేరు చెప్పినట్టు. "ఇల్లు అదిగో. మనిషి కళ్లం కాడ ఉంటాడు."

ఇంటి ముందు ఆటో ఉంది. దాని మీద దుప్పట్లు ఆరేశారు. ముందు చక్రంలో గాలి లేదు. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు.

కళ్లంలో నలభై ఏళ్ల మనిషి ఒకడు ఒంగి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాడు. మిరప ఘాటుకి నాకు తుమ్ములు మొదలయ్యాయి. "నీళ్లు తాగండమ్మా," అని సీసా ఇచ్చాడు. "కాయ కొనడానికొచ్చారా? రైతు ఇంటికాడున్నాడు."

"నీ కోసమే వచ్చానయ్యా. పోయిన ఏడాది నీ ఆటో వెనక హారన్ కొట్టిన కారు నాదే."

అతను నన్ను చూస్తూ నిలబడ్డాడు. చేతిలో కాయలు చేతిలోనే ఉన్నాయి.

"తెల్ల కారు," అన్నాడు.

"తెల్ల కారే."

"ఉందా అయితే!" అన్నాడు గట్టిగా. "ఉందా! నేను చెప్తూనే ఉన్నానమ్మా, కారుందని, హారన్ ఆపట్లేదని. పరదాలో ఉన్నోళ్లు పట్టించుకోలేదన్నారు, రోజూ వందమంది కొడతారు హారన్లు అన్నారు. బయటికొచ్చి చూస్తే కారు లేదు. కాయ ఒక్కటి చితకలేదు, మరి నీ బండెందుకు కాలవలో పడిందిరా అన్నారు. నిద్రపోయావన్నారు, తర్వాత తాగావన్నారు. నాలుగు నెలలకి నాకే అనుమానం వచ్చిందమ్మా, నిజంగానే తూగానేమోనని! నా ఇంటిదాని ముందు ఒట్టేసి చెప్పలేకపోయా!"

చేతిలో కాయలు కళ్లం మీదికి విసిరేశాడు. నేను బత్తాయిల సంచీ పట్టుకుని దిమ్మెలా నిలబడ్డాను. "తప్పు నాదేనయ్యా, క్షమించు" అన్న మాట బస్సులో ఎన్నిసార్లు అనుకున్నానో. అప్పుడు అంటే నా చెవికే పేలవంగా వినపడింది.

"నాకెందుకండీ చెప్తారు, నాకు తెలుసుగా," అన్నాడు మోచేత్తో కళ్లు తుడుచుకుని. "వాళ్లకి చెప్పండి. రండి."

రెండు చేల అవతల కూలీల ముఠా కోత కోస్తోంది. పదిహేనుమంది ఆడవాళ్లు, తలకి గుడ్డలు, చీరల మీద చొక్కాలు. ముఠా మేస్త్రి పేరు మార్తమ్మ. అరవై దగ్గర పడుతుంది. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుంది, కుడిచేత్తోనే కోస్తోంది. ఏసోబు గట్టు మీద నుంచే, "అక్కా, ఒకసారి అందరూ రండి," అని పిలిచాడు. "మధ్యాన్నం కూటికి ఇంకా టయం ఉందిరా," అంది. "కూటికి కాదు. ఆ రోజు కారు నడిపినావిడ వచ్చింది."

అందరూ వచ్చారు. నేను క్లాసులో పాఠం చెప్పినట్టు మొదటి నుంచీ చెప్పాను: మంచు, ట్రాక్టర్లు, హారన్, అతను కాయల్ని తప్పించడం, అద్దంలో చూసి ఆపకుండా పోవడం. అయ్యాక ఒకేసారి మొదలుపెట్టారు. "నీ తొందర తగలెయ్య!" "మేం మనుషులం కాదంటమ్మా?" "ఆరుగురం పడ్డాం, ఒక్కసారి దిగి చూడబుద్ధి కాలేదా నీకు?" అన్నీ నిజాలే. నేను తల దించుకోలేదు. దించితే తప్పించుకున్నట్టవుతుందనిపించింది.

మార్తమ్మ అందర్నీ ఆపింది. ఆవిడ అరవలేదు.

"గుంటూరేనా మీది?"

"అవునండీ."

"పొద్దున బస్సెక్కితే పదింటికి వచ్చేశావు. నాలుగు గంటల దారి. ఏడాది ఎందుకు పట్టిందమ్మా?"

భయం అన్నాను. "మాకూ భయమే. ఆటో అంటేనే భయపడి నడిచి పోయాం నెల రోజులు," అంది. తర్వాత ఏసోబు వైపు తిరిగింది. ఆ ముఖంలో అప్పుడు కనిపించింది సిగ్గు. నా వల్ల వచ్చిన సిగ్గే అదీనూ.

"ఒరేయ్ ఏసోబూ, నిన్ను నానా మాటలూ అన్నాంరా. రైతు కాయ కాపాడబోయి మన బతుకు కాలవలో పడింది, మాకు తెలియలేదు. రేపట్నించి బండి కట్టు. అందరం నీ బండే ఎక్కుతాం. ఏమంటారే?"

"ఎక్కుతాం," అన్నారు అందరూ. ఒకావిడ ముక్కు చీదింది. నా గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది. పని అయిపోయిందనే అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఏసోబు గట్టు మీద కూర్చున్నాడు. "నేను తోలలేనక్కా," అన్నాడు.

"అదేంరా? ఇప్పుడు చెప్పాంగా!"

"మీరు ఎక్కకపోవడం వల్ల కాదక్కా ఆపేసింది. నెల తర్వాత గుంటూరుకి మిరప మూటలు తీసుకెళ్లమని ఒకాయన పిలిస్తే, వెళ్లా. దర్శి దాకా కూడా పోలేదు. ఎనక లారీ హారన్ కొట్టింది. చేతులు వణికిపోయినయ్. బండి నడి రోడ్డు మీద ఆపేసి దిగి కూర్చున్నా. రెండుసార్లు తోలి చూశా. అంతే. నా చేతుల్లో మిమ్మల్ని పెట్టుకుని నేను తోలలేను."

ఆ మాట వినడానికే నేను ఏడాది ఆలస్యంగా వచ్చాను. అప్పుడే దిగి, ఆ కాలవలోంచి అతన్ని చెయ్యి పట్టి లేపి, తప్పు నాది నాయనా అని ఉంటే, ఆ వణుకు పుట్టేదా? మర్నాడైనా వచ్చి ఉంటే? ఆ ప్రశ్న నన్నిప్పటికీ వదల్లేదు.

పోలీసు స్టేషన్లో చూపించుకోవడానికి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. సోమవారం మా ఆయనతో వచ్చి స్టేషన్లో స్వయంగా చెబుతానన్నాను. మార్తమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. కూటి వేళైతే, "తిని పో," అంది కటువుగానే. గోంగూర పచ్చడి, జొన్నన్నం. బత్తాయిలు తలా ఒకటి ఒలుచుకున్నారు. నేనూ తిన్నాను. వద్దనే హక్కు లేదనిపించింది.

తిరుగు బస్సు ఒంటిగంటా నలభైకి. ఏసోబు స్టేజీ దాకా వచ్చాడు. రోడ్డెక్కాక వెనక నుంచి ఒక లారీ హారన్ మోగించింది. అతను చటుక్కున మార్జిన్ దాటి కంపచెట్ల దాకా వెళ్లిపోయాడు. లారీ పోయిందాకా అటు తిరిగే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "ఏమీ అనుకోకండి," అన్నాడు. నాతో! నేనే దొరికాను అతనికి క్షమాపణ చెప్పడానికి.

బస్సు దూరంగా కనిపించింది. చెయ్యెత్తాడు. ఎత్తి, నా వైపు తిరిగి అడిగాడు:

"ఆ రోజు ఏదో అర్జెంటు పని మీద పోతున్నారుగా మేడం గారూ. టయానికి అందుకున్నారా?"

ఎగతాళి కాదు. కళ్లల్లోకి చూస్తే తెలుస్తుంది కదా. నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

"అందుకున్నానయ్యా."

"పోన్లెండి. అదన్నా అయింది," అన్నాడు. ముఖం కొంచెం తేలికపడింది.

బస్సెక్కాను. సీటు చివర్న దొరికింది. దర్శి, అద్దంకి, చిలకలూరిపేట ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయాయో తెలియదు. అయిదూ ఇరవైకి గుంటూరులో దిగాను. పొద్దున నుంచీ దారి వివరాలన్నీ రాస్తూ వచ్చాను గానీ, తిరుగు ప్రయాణంలో రాయడానికి ఒక్కటే ఉంది. అతనికి చెప్పని మాట. ఆ రోజు నేను పొదిలి స్కూలు దగ్గరికి ఎనిమిదీ ఇరవైకే చేరుకున్నాను. గేటు తాళం కూడా తీయలేదు. కారులోనే కూర్చుని, పిల్లలకి చెప్పాల్సిన మాటలు మనసులో ఒకసారి అనుకున్నాను. మీటింగు పదింటికి మొదలైంది.